హెచ్‌ఎస్‌ఏలో 500 డాలర్లు ఎక్కువ పడితే, నా అనుభవం

2024 మధ్యలో ఉద్యోగం మారాను. పాత కంపెనీ జీతంలోంచి హెచ్‌ఎస్‌ఏకి (అమెరికాలో వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) 2,400 డాలర్లు వెళ్లాయి, కొత్తచోట 2,250. ఒక్కడి ఆరోగ్య బీమా కవరేజీకి ఆ ఏడాది పరిమితి 4,150. రెండు డబ్ల్యూ-2లూ (కంపెనీలిచ్చే ఏడాది జీతం, పన్ను లెక్కల పత్రాలు) పక్కపక్కన పెట్టి చూసుకునే బుద్ధి 2025 మార్చిలో రిటర్న్ వేసేటప్పుడు లేదు, జూన్‌లో వచ్చింది.

అదనాన్ని అలాగే వదిలేస్తే, ఉన్నన్నాళ్లూ ఏటా 6 శాతం పన్ను. కానీ రిటర్న్ గడువులోపే వేసి ఉంటే, అక్టోబర్ 15 దాకా వెనక్కి తీసుకోవచ్చు.

ఇక్కడే తప్పటడుగు వేయబోయాను. వెబ్‌సైట్‌లో మామూలు విత్‌డ్రాయల్ నొక్కబోయి ఆగాను. అలా తీస్తే వైద్యేతర ఖర్చు కింద పన్నుతోపాటు 20 శాతం జరిమానా పడేది. దీనికి ‘ఎక్సెస్ కాంట్రిబ్యూషన్ రిమూవల్’ అని వేరే ఫారం ఉంది. అది నింపాక 500తోపాటు దాని మీద వచ్చిన 14 డాలర్ల రాబడీ తిరిగొచ్చింది.

తర్వాత 1040-ఎక్స్, అంటే వేసిన రిటర్న్‌ని సవరించే ఫారం. డబ్బు పన్ను పడకముందే జీతంలోంచి కోసింది కాబట్టి 500ని 2024 ‘ఇతర ఆదాయం’లో కలిపాను. పైన ‘ఫైల్డ్ పర్సుయెంట్ టు సెక్షన్ 301.9100-2’ (ఆ అదనపు గడువునిచ్చే నిబంధన) అని రాసి, జరిగింది నాలుగు ముక్కల్లో వివరించాను. ఆ 14 డాలర్లు మాత్రం తీసుకున్న ఏడాది, అంటే 2025 లెక్కలోకి వెళ్తాయి.

22 శాతం శ్లాబు కాబట్టి 110 డాలర్లు, కొంచెం వడ్డీ కట్టాను. టెక్సాస్‌లో ఉన్నాం, రాష్ట్రం రిటర్న్ గొడవ లేదు.