డయాలసిస్‌లో తలనొప్పి, తికమక, పిక్కల పట్టేత: ఏది ఎందుకు, ఏం చేయాలి

డయాలసిస్ పేషెంటు మాట తడబడినా, మత్తుగా పడుకున్నా ఇంట్లోవాళ్లు "నీరసంలే" అనేస్తారు. అలా అనుకునే ముందు బాధ ఎప్పుడు మొదలైందో చూడండి. మెషీన్ మీద ఉండగానా, ఇంటికొచ్చాకా, డయాలసిస్ లేని రోజునా? కారణం సగం అక్కడే తెలిసిపోతుంది.

మొదటి సిట్టింగుల్లోనే తలనొప్పి, వాంతులు, చిరాకు

కారణం: మెషీన్ రక్తంలోని యూరియాను గబగబా తీసేస్తుంది. మెదడులోని యూరియా అంత త్వరగా బయటికి రాదు. ఆ తేడా వల్ల నీరు మెదడులోకి చేరి వాపు వస్తుంది. ముదిరితే ఫిట్స్, స్పృహ తప్పడం. యూరియా బాగా పెరిగాక వచ్చినవాళ్లకు, చాలా రోజులు మానేసి మళ్లీ వచ్చినవాళ్లకు ముప్పు ఎక్కువ.

పరిష్కారం: మొదటిసారి 2 గంటలే, బ్లడ్ ఫ్లో నిమిషానికి 150–200 మి.లీ. దగ్గర పెట్టి, వరుస రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచుతారు. "నాలుగు గంటలూ చేయండి" అని సిస్టర్‌తో గొడవపడకండి. తలనొప్పి మొదలవగానే చెబితే ఫ్లో తగ్గిస్తారు, అవసరమైతే ఆపేస్తారు.

మూడో గంటలో పిక్క పట్టేయడం

పిక్క రాయిలా గట్టిపడి, కాలి వేళ్లు కిందికి ముడుచుకుపోతాయి. మోకాలు చాపి, పాదాన్ని ఒంటివైపు వంచి పట్టుకుంటే కాస్త సడలుతుంది. ఈలోపు నర్సు నీళ్లు తీయడం ఆపి సెలైన్ ఇస్తారు.

అసలు కారణం ఎక్కువసార్లు నీళ్లు వేగంగా తీయడమే. గంటకు, కిలో బరువుకు 13 మి.లీ. దాటకపోవడం మంచిదని లెక్క. అంటే 60 కిలోల మనిషికి 4 గంటల్లో సుమారు 3 లీటర్లు. రెండు డయాలసిస్‌ల మధ్య ఒంట్లో నీరు చేరి నాలుగున్నర కిలోలు పెరిగి వచ్చి, అదే టైములో అంతా తీసేయమంటే పిక్కలు పట్టక ఏమవుతాయి? ఆవకాయ, అప్పడాలు తగ్గిస్తే దాహం దానంతటదే తగ్గుతుంది. బరువు పెద్దగా పెరగకపోయినా ప్రతిసారీ పడుతుంటే డ్రై వెయిట్ (అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు) మళ్లీ చూడమని డాక్టరును అడగండి.

ఇంట్లో తికమక, మత్తు, చేతులు ఎగిరిపడటం

ముందు షుగర్ చూడండి. కిడ్నీలు పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, పాత డోసే షుగర్ పడిపోయేలా చేస్తుంది. షుగర్ బాగుంటే మందుల సంచి తీయండి. అరికాళ్ల మంటలకిచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, కండరాల బిగుతుకిచ్చే బాక్లోఫెన్, సర్పికిచ్చే అసైక్లోవిర్, యాంటీబయాటిక్ సెఫిపీమ్: డోసు తగ్గించకపోతే ఇవన్నీ పేరుకుని మెదడు మీద పనిచేస్తాయి. కొత్త డాక్టరు దగ్గరికెళ్తే మొదట "డయాలసిస్ పేషెంట్" అనే చెప్పాలి.

ఆగని ఎక్కిళ్లతో మొదలైతే స్టార్ ఫ్రూట్ తిన్నారేమో అడగండి. ఒక్క పండు కూడా ప్రాణం మీదికి తేవచ్చు. వెంటనే డయాలసిస్ చేయాలి.

సరిగా తినని మనిషికి తికమకతో పాటు నడక తూలి, చూపు రెండుగా కనిపిస్తే థయామిన్ (విటమిన్ బి1) తగ్గి ఉండొచ్చు. ఇంజెక్షన్‌తో నయమయ్యే జబ్బిది, ఆలస్యం చేయకూడదు.

రాత్రి కాళ్లు ఆడిస్తేనే ఊరట

ఐరన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపేది) పరీక్ష చేయించండి. లోపముంటే ఐరన్ ఎక్కిస్తారు.

ఫిట్స్

పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా వద్దు.

మూతి వంకర, ఒక చేయి పడిపోవడం, మాట ముద్దగా రావడం

ఇంట్లో అయితే 108కి ఫోన్ చేయండి, సెంటర్‌లో అయితే మెషీన్ ఆపమనండి. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదటి 4.5 గంటల్లోపే ఇస్తారు. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ను సెంటర్‌లో ఎప్పుడు ఇచ్చారో తప్పకుండా చెప్పండి, దాన్నీ సీటీ స్కాన్‌నీ చూశాకే ఆ ఇంజెక్షన్ సంగతి తేలుస్తారు. ఈమధ్య జారిపడి తలకు దెబ్బ తగిలి ఉంటే అదీ చెప్పండి. హెపారిన్ వాడేవాళ్లకు చిన్న దెబ్బతోనూ పుర్రె లోపల రక్తం చేరవచ్చు.