సోలర్ నేర్చుకుందాం – 6వ భాగం: ఫిల్టర్ కాష్‌కి పని చెప్పడం

పోయిన భాగంలో సోలర్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్‌కి ఒకే క్వెరీని (వెతకమనే రిక్వెస్టుని) రెండుసార్లు పంపి సమయం రాసుకోమన్నాను. రెండోసారి చప్పున వచ్చిందంటే అది ఫిల్టర్ గొప్పతనం కాదు, క్వెరీ రిజల్ట్ కాష్ (జవాబులను మళ్లీ వాడుకోడానికి మెమరీలో దాచే చోటు) మొత్తం జవాబునే దాచిపెట్టింది. ఫిల్టర్ల ఫలితాలను దాచే ఫిల్టర్ కాష్ సంగతి తెలియాలంటే క్యూలో (q, అసలు వెతుకులాట) మాట మార్చి, ఎఫ్‌క్యూని (fq, ఫలితాలను వడకట్టే ఫిల్టర్) అలాగే ఉంచాలి.

ఎఫ్‌క్యూకి స్కోరుతో (డాక్యుమెంటు ఎంత బాగా సరిపోయిందనే లెక్కతో) పని లేదు. డాక్యుమెంటు ఉందా, లేదా, అంతే. అందుకే దాని ఫలితాన్ని డాక్యుమెంటుకి ఒక బిట్ చొప్పున దాచుకోవచ్చు. కోటి డాక్యుమెంట్లుంటే ఒక ఎంట్రీకి 12.5 లక్షల బైట్లు, అంటే సుమారు 1.25 ఎంబీ. సోలర్‌తో వచ్చే కాన్ఫిగ్‌లో కాష్ సైజు 512 ఎంట్రీలు. అన్నీ నిండితే 640 ఎంబీ! (ఫలితాలు బాగా తక్కువైతే బిట్లకు బదులు నంబర్ల జాబితా దాస్తుంది, అది చిన్నదే.) సైజు పెంచేముందు ఈ గుణకారం చేసుకోండి.

ఇక అసలు విషయం. భాష, విభాగం, సంవత్సరం మూడింటినీ ఆండ్‌తో కలిపి ఒకే ఎఫ్‌క్యూగా రాస్తే, సరిగ్గా ఆ మూడూ కలిసి వచ్చినప్పుడే ఆ ఎంట్రీ పనికొస్తుంది. విడివిడిగా మూడు ఎఫ్‌క్యూలు రాస్తే దేనికది దాచుకుంటుంది, ఏ జతలోనైనా వాడుకుంటుంది. ఎప్పుడూ కలిసే వచ్చే రెండింటిని మాత్రం విడదీయకండి, చోటు దండగ.

తేదీ ఫిల్టర్లో ఉత్త ‘నౌ’ (NOW, ఈ క్షణం) రాయడం నేను ఎక్కువగా చూసే తప్పు. అది మిల్లీసెకను దాకా లెక్కిస్తుంది కనుక ప్రతి రిక్వెస్టూ కొత్త ఎంట్రీయే. తాను పనికిరాదు, పైగా పనికొచ్చేవాటిని బయటికి తోస్తుంది. ‘నౌ/డే’ అని రోజుకి కుదించండి. యూజర్ ఐడీ లాంటి, మళ్లీ రాని ఫిల్టర్లకు ‘కాష్=ఫాల్స్’ పెట్టండి.

కమిట్ (ఇండెక్సులో మార్పులను ఖరారు చేయడం) తర్వాత కొత్త సెర్చర్ (ఇండెక్సులో వెతికే భాగం) ఖాళీ కాష్‌తో తెరుచుకుంటుంది. ఆటోవార్మ్ కౌంట్ ఇస్తే పాత కాష్‌లోంచి ఆ సంఖ్య మేరకే ఫిల్టర్లను ముందే నడిపి పెడుతుంది. మరీ పెంచితే కొత్త డాక్యుమెంట్లు కనబడడం ఆలస్యమవుతుంది.

ఈసారి పని: ‘నౌ’తో 20 రిక్వెస్టులు పంపండి, తర్వాత ‘నౌ/డే’తో 20. ప్రతిసారీ క్యూ మార్చడం మరవకండి. ఒక్కో విడత ముందూ వెనకా అడ్మిన్ పేజీలో ఫిల్టర్ కాష్ ఇన్సర్టులు (కొత్తగా చేరిన ఎంట్రీలు), హిట్లు (దాచినవి దొరికిన సార్లు) రాసుకోండి. మధ్యలో కమిట్ పడితే కాష్ ఖాళీ అయి లెక్క చెడుతుంది, ఇండెక్సింగ్ (డాక్యుమెంట్లు చేర్చడం) ఆపి చేయండి.