కేసెట్టు నుంచి సీడీకి – 5వ పాఠం: కౌంటరు లెక్క, క్యూ షీటులో ఫ్రేములు

ఈసారి క్యూ షీటు, అంటే సీడీలో ఒక్కో పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఫైలు, రాయాలి. రాస్తాం, కానీ ముందు 4వ పాఠం పంచాయితీ తేలాలి. కేసెట్టు వింటూ ఒక్కో పాట డెక్కు (కేసెట్టు ప్లేయరు) మీద టేపు తిరిగేకొద్దీ మారే కౌంటరులో ఏ అంకె దగ్గర మొదలైందో పట్టీ రాయమని చెప్పాను. అందరూ రాశారు. మర్నాడు ఆ పట్టీ చూసుకుని 212 దగ్గర ఆపితే పాట సగంలో ఉంటోందనీ, కొందరికి అసలు వేరే పాటే వస్తోందనీ ఫిర్యాదు.

మొదటి అనుమానం సున్నా మీద. చాలామంది పాట వినిపించాక రీసెట్ నొక్కారు. ఆ చోటు మళ్లీ ఎలా దొరుకుతుంది? టేపును పూర్తిగా వెనక్కి తిప్పండి, దానంతటది ఆగిపోవాలి, అప్పుడు 000 చేయండి. మొదట్లో వచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క మీద ధ్వని ఉండదు. అది కొన్ని సెకన్లే ఉంటుంది కాబట్టి లెక్కలో కలిసిపోనివ్వండి. రెండో వైపు తిప్పినప్పుడు కూడా ఇదే పని: పూర్తిగా వెనక్కి, మళ్లీ 000. మొదటి వైపు అంకెను కొనసాగించి 587, 640 అని రాసిన పట్టీలు చించేయండి, వాటితో ఏ ఉపయోగమూ లేదు. ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉన్న కేసెట్టయితే పని మొదలుపెట్టేముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటిదాకా వెనక్కి తిప్పండి. వదులుగా ఉన్న చుట్లు బిగుసుకుంటాయి. పొరపాటున రికార్డు కాకుండా కేసెట్టు అంచున విరిచేసే రికార్డు చెవి విరిచారో లేదో నేను అడగను.

రెండో అనుమానం కౌంటరు మీదే. సాధారణ డెక్కులో కౌంటరుకు నిమిషాలు తెలియవు. కుడివైపు రీలు ఎన్ని చుట్లు తిరిగిందన్నదే దాని లెక్క. టేపు, దాన్ని చదివే హెడ్డు మీదుగా సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున ఒకే వేగంతో పోతుంది. రీలు మాత్రం ఒకే వేగంతో తిరగదు. మొదట్లో కుడి రీలు బోడిగా, సుమారు 2.2 సెంటీమీటర్ల వ్యాసంతో ఉంటుంది, ఒక చుట్టుకు ఒకటిన్నర సెకను చాలు. సీ-90లో (వైపుకు 45 నిమిషాల కేసెట్టు) ఒక వైపు చివరికొచ్చేసరికి రీలు లావెక్కి ఒక్కో చుట్టుకు మూడు సెకన్ల పైన పడుతుంది. అందుకే అంకెలు మొదట్లో గబగబా పరిగెత్తి చివర్లో ఈడుస్తాయి. మొత్తం అంకెల్లో సగానికి వచ్చారంటే 45 నిమిషాల్లో ఇరవై రెండున్నర అయిపోయాయనుకుంటారు. నిజానికి అయినవి 18 దాకానే.

కౌంటరు అంకెను నిమిషాల్లోకి మార్చడానికి సూత్రాలు కంఠస్థం చేయక్కర్లేదు. సెకన్లను కౌంటరు అంకెతో భాగించండి. ఆ భాగఫలం కౌంటరుతో పాటు తిన్నగా పెరుగుతూ పోతుంది. రెండు చోట్ల ఫోనులో టైమరు పెట్టి కొలిస్తే మిగతా అన్నిచోట్లా లెక్క కట్టొచ్చు. ఒక సీ-90 మీద ఇలా వచ్చిందనుకోండి: 200 దగ్గర 11 నిమిషాల 48 సెకన్లు, అంటే 708 సెకన్లు. 500 దగ్గర 37 నిమిషాల 24 సెకన్లు, అంటే 2244. మొదటి భాగఫలం 3.54, రెండోది 4.488. తేడా 0.948. దాన్ని 300 అంకెలకు పంచితే ఒక్కో అంకెకు 0.00316. ఇప్పుడు 350 దగ్గర ఎంత? 200 నుంచి 150 అంకెలు ముందుకు, 150 × 0.00316 = 0.474. 3.54కి కలిపితే 4.014. దీన్ని 350తో గుణిస్తే 1405 సెకన్లు, 23 నిమిషాల 25 సెకన్లు. 500కి 37:24 అయితే 350కి ఎంత అని త్రైరాశికం వేసినవాళ్లకు 26:11 వచ్చి ఉంటుంది. రెండూ ముప్పావు నిమిషాల తేడా! వేరే పాట వచ్చిందంటే ఆశ్చర్యమేముంది.

కొన్ని డెక్కుల్లో కౌంటరు ఎడమ రీలుకు తగిలించి ఉంటుంది. అప్పుడు అంకెలు మొదట్లో నిదానంగా, చివర్లో వేగంగా కదులుతాయి, భాగఫలం పెరిగే బదులు తగ్గుతుంది. లెక్క మాత్రం ఇదే. సీ-60 టేపు సీ-90 కన్నా మందం కాబట్టి దానికి వేరే రెండు కొలతలు తీసుకోవాలి. ఇంకో డెక్కులో తీసిన అంకెలు మీ డెక్కుకు అసలు పనికిరావు. పట్టీ పైన డెక్కు మోడలు, కేసెట్టు రకం రాయనివాళ్లు ఇప్పుడే రాయండి.

ఇవన్నీ చేసినా అంకె కుదరకపోతే బెల్టు చూడండి. సున్నా పెట్టి 300 దాకా ప్లే చేసి, పూర్తిగా వెనక్కి తిప్పండి. ఆగిన చోట కౌంటరు 000 కాక 006 అనో 993 అనో చూపిస్తే కౌంటరును తిప్పే రబ్బరు బెల్టు సాగి జారుతోందన్నమాట. బెల్టు మార్చాకే మళ్లీ పట్టీ రాయండి. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దాన్ని పట్టుకుని తనంతట తనే ఆగే సౌకర్యం ఉన్న డెక్కుల మీద కచేరీల విషయంలో నాకు నమ్మకం లేదు. దానికి సుమారు నాలుగు సెకన్ల ఖాళీ కావాలి. కచేరీలో పాట అయ్యాక కూడా తంబూర మోగుతూనే ఉంటుంది కాబట్టి అది ఆగదు. హరికథలో దాసుగారు కాస్త ఎక్కువసేపు ఆగిన ప్రతిచోటా ఆగుతుంది.

ఇక క్యూ షీటు. టేపును కంప్యూటరులోకి 44,100 హెర్ట్జ్ (సెకనుకు అన్ని శాంపిళ్లు, అంటే ధ్వని కొలతలు), 16 బిట్లు, స్టీరియోలో ఒక వైపంతా ఒకే వేవ్ ఫైలుగా ఎక్కించారనుకుంటున్నాను. పట్టీ రాసిన డెక్కు మీదే ఎక్కించండి. రెండు డెక్కుల వేగంలో ఒక్క శాతం తేడా ఉన్నా 45 నిమిషాలకు 27 సెకన్లు పక్కకు పోతాయి. సీ-90 మొత్తం 80 నిమిషాల సీడీలో పట్టదు, వైపుకొక డిస్కు పెట్టుకోండి.

పాటకొక ఫైలుగా ముక్కలు చేయొద్దు. సీడీ ధ్వనిని సెకనుకు 75 ఫ్రేములుగా దాచుకుంటుంది. ఒక్కో ఫ్రేములో సరిగ్గా 588 శాంపిళ్లు, అంటే 2352 బైట్లు. మీరు కోసిన ముక్కలోని శాంపిళ్ల సంఖ్య 588తో నిశ్శేషంగా భాగించబడకపోతే చివరి ఫ్రేములో మిగిలిన చోటును చాలా ప్రోగ్రాములు సున్నాలతో నింపుతాయి. చప్పట్ల మధ్యలోనో తంబూర మధ్యలోనో టిక్కుమంటుంది. అందుకే ఒకే పొడవాటి ఫైలు, దాని పక్కన క్యూ షీటు.

క్యూ షీటు మామూలు టెక్స్ట్ ఫైలే. మొదటి వరుసలో ఫైల్, కొటేషన్లలో వేవ్ ఫైలు పేరు, చివర వేవ్. కింద ఒక్కో పాటకు ట్రాక్ వరుస, దాని కింద ఇండెక్స్ వరుసలు; ఇండెక్స్ 01 అంటే పాట మొదలయ్యే చోటు. ఈ మాటలన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో (FILE, WAVE, TRACK, AUDIO, INDEX) ఉండాలి. ఫైలు పేరులో తెలుగు అక్షరాలు పెడితే కొన్ని బర్నింగ్ ప్రోగ్రాములు ఫైలు దొరకలేదంటాయి, ఇంగ్లీషులోనే పెట్టండి. ఒక కచేరీకి మొదటి రెండు పాటలు ఇలా ఉంటాయి:

ట్రాక్ 01 ఆడియో
ఇండెక్స్ 01 00:00:00
ట్రాక్ 02 ఆడియో
ఇండెక్స్ 00 12:21:00
ఇండెక్స్ 01 12:34:37

ఇందులో చివరి 37 గురించే నా బాధంతా. నిమిషాలు, సెకన్ల తర్వాత వచ్చే ఆ మూడో గడి సెకనులో వందో వంతు కాదు, ఫ్రేము. అది 00 నుంచి 74 దాకానే పోతుంది. ధ్వని సవరించే ప్రోగ్రాము ఆడాసిటీలో గుర్తు పెట్టి లేబుళ్లు బయటికి తీస్తే 754.50 సెకన్లు అని వస్తుంది. దాన్ని 12:34:50 అని రాసేస్తారు. 50 ఫ్రేములంటే 0.667 సెకను, మీకు కావలసింది 0.50. ఆరో వంతు సెకను ఆలస్యం. అంతలో మృదంగం మీద మొదటి దెబ్బ పోతుంది, పల్లవి మొదటి అక్షరం పోతుంది. 'శ్రీ' అని మొదలయ్యే కీర్తన 'ఈ' అని మొదలవుతుంది. 12:34:80 అని రాసినవాళ్లు నిజానికి అదృష్టవంతులు, ప్రోగ్రాము ఒప్పుకోదు కాబట్టి తప్పు అక్కడికక్కడే తెలుస్తుంది. 74 లోపు అంకె రాస్తే ఏ ప్రోగ్రామూ కిక్కురుమనదు. డిస్కు తయారయ్యాక, అదీ ఆ పాటకు నేరుగా దూకినప్పుడే బయటపడుతుంది. మొదటినుంచి చివరిదాకా ఏకబిగిన వింటే తెలియనే తెలియదు. ఈ తప్పు ఎప్పుడూ ఆలస్యం వైపే పోతుంది, ముందుకు రాదు. దాదాపు పావు సెకను దాకా పోగలదు.

చేయాల్సింది ఒక్క గుణకారం. దశాంశ భాగాన్ని 75తో గుణించి, మిగిలిన దశాంశం కొట్టేయండి. .20 అంటే 15. .40 అంటే 30. .60 అంటే 45. .25 అంటే 18.75, రాసేది 18. .33 అంటే 24.75, రాసేది 24. .50 అంటే 37.5, రాసేది 37. .98 అంటే 73.5, రాసేది 73. దగ్గరి అంకెకు సవరించి 19, 25, 38 రాయొద్దు, ఎప్పుడూ కిందికే. ఒక ఫ్రేము ముందు మొదలైతే వినేవాడికి తెలియదు, ఒక ఫ్రేము తర్వాత మొదలైతే దెబ్బ అంచు తెగుతుంది. నేనైతే గుణకారం కూడా చేయను. ఆడాసిటీ కిందనున్న సమయం గడిలో సెకన్ల బదులు సీడీ ఫ్రేములు చూపించే పద్ధతి ఎంచుకుని, అది చూపించిందే రాసుకుంటాను. ఇంకొకటి, మొదటి గడిలో నిమిషాలు 59 దగ్గర ఆగవు. గంటా పన్నెండు నిమిషాల పదిహేను సెకన్లను 72:15:00 అని రాయాలి. గంటల గడి లేదు.

12:21:00 దగ్గర పెట్టిన ఇండెక్స్ 00 సంగతి. మొదటి పాట అయిపోయి చప్పట్లు మొదలైన చోటు అది. అక్కడినుంచి 12:34:37 దాకా చప్పట్లు, తర్వాతి పాట పేరు ప్రకటన. వరసగా వింటే ఇవన్నీ వినిపిస్తాయి, రెండో పాటకు దూకితే నేరుగా 01 దగ్గర పడతారు. చప్పట్లు కోసేయడం నాకిష్టం లేదు, అలాగని ప్రతిసారీ వాటితో మొదలవడమూ ఇష్టం లేదు, అందుకే ఈ ఏర్పాటు. 02, 03 ఇండెక్సులు కూడా పెట్టొచ్చు గానీ వాటిని పట్టించుకునే ప్లేయర్లు అరుదు, వదిలేయండి.

బర్న్ చేసేటప్పుడు డిస్క్ ఎట్ వన్స్ (డిస్కంతా ఆపకుండా ఒకేసారి రాసే పద్ధతి) ఎంచుకోండి. ట్రాక్ ఎట్ వన్స్ (ఒక్కో పాటనూ విడిగా రాసే పద్ధతి) పెడితే పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్ల ఖాళీ చేరి తంబూర తెగిపోతుంది. డిస్కు మీద పేరు రాయడం మధ్యలోని పారదర్శకమైన వలయం మీద మాత్రమే, నీళ్ల ఆధారిత మార్కరుతో. పైభాగంలో పల్చటి లక్క పొర కిందే అద్దంలాంటి పొర ఉంటుంది, బాల్‌పెన్ను గీస్తే సమాచారమే గీసుకుపోతుంది. కాగితం స్టిక్కర్లు అంటించొద్దు, వేగంగా తిరిగేటప్పుడు డిస్కు ఊగుతుంది.

అభ్యాసం: ఒక సీ-90 తీసుకుని రెండు వైపులకూ విడివిడిగా రెండేసి కొలతలు కొలవండి. ప్రతి 50 అంకెలకూ సమయం లెక్కగట్టి పట్టిక వేయండి. వైపుకు ఆరు చోట్లు గుర్తించి, ముందు పట్టికలోంచి సమయం రాసి, తర్వాత వేవ్ ఫైలులో అసలు సమయం పక్కన రాయండి. తేడా పది సెకన్లు దాటితే బెల్టు దగ్గరికి వెనక్కి వెళ్లండి. ఆ పన్నెండు చోట్లకూ దశాంశాలను చేత్తో ఫ్రేముల్లోకి మార్చి, వైపుకొకటి చొప్పున రెండు క్యూ షీట్లు రాయండి. ఈ ఒక్కసారికి ఆడాసిటీ చూపించేది చూడకూడదు. చివరగా ప్రతి చోటుకూ ఫైలు మొదటినుంచి మొత్తం ఫ్రేములు ఎన్నో లెక్కించండి. 12:34:37 అయితే 754 × 75 + 37 = 56,587. డిస్కు మీద అసలు చిరునామా దీనికి 150 ఎక్కువ, ఎందుకంటే మొదటి ట్రాకుకు ముందు తప్పనిసరిగా రెండు సెకన్లు ఉంటాయి. వాటిని క్యూ షీటులో కలపకండి, ప్రోగ్రామే చూసుకుంటుంది. మళ్లీ రాయగల డిస్కు మీద ముందు బర్న్ చేసి, ఒక్కో ట్రాకుకు దూకి మొదటి రెండు సెకన్లు హెడ్‌ఫోనులో వినండి. మొదటి అక్షరం పూర్తిగా వినిపించని ట్రాకుల అంకెలు మాత్రమే 6వ పాఠానికి తీసుకురండి.