పెద్ద రైఫిల్ పేల్చే ముందు

భీమవరం, అమలాపురం వైపు నుంచి షూటింగ్ రేంజికి బయల్దేరే తమ్ముళ్లూ, ముందు చెవుల సంగతి చూసుకోండి. పెద్ద రైఫిల్ మోత 160 డెసిబెల్స్ దాకా పోతుంది. 140 దాటితే ఒక్క దెబ్బకే వినికిడి పోవచ్చు.

• ఇయర్‌ప్లగ్, దానిపైన ఇయర్‌మఫ్ (చెవి మొత్తం మూసే కప్పు), రెండూ ఉండాలి. ఫోమ్ ప్లగ్‌ని సన్నగా నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి దూర్చండి. అది ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టండి. మన ఉక్కపోతకి మఫ్ కింద చెమట పట్టి జారుతుంది, తుడుచుకుంటూ ఉండండి.
• మజిల్ బ్రేక్ (ఎదురుదెబ్బ తగ్గించడానికి గొట్టం చివర బిగించే ముక్క) ఉంటే మోత పక్కకి కొడుతుంది. చివరి లేన్ అడగండి. "పెద్దది పేలుస్తున్నానండీ" అని పక్కాయనకి చెప్పి, ఆయన మఫ్ పెట్టుకున్నాకే మొదలెట్టండి.
• గొట్టం టార్గెట్ వైపే.
• సీజ్‌ఫైర్ (కాల్పులు ఆపండి) అనగానే తూటాలు తీసి, బోల్ట్ తెరిచి, తుపాకీ వదిలి వెనక్కి రండి.