కుర్చీ అడగడం ఎలా: ఓనరు దగ్గర మెత్తగా, సర్కారు దగ్గర గట్టిగా

షోరూముల్లో రోజంతా నిలబడే ఆడవాళ్లు కూర్చునే హక్కు అడుగుదామని ఎక్కడ కలిసినా రెండు జట్లవుతాయి. ముందు స్టూళ్లు అడుగుదాం, మిగతావి మెల్లగా చూద్దాం అనేవాళ్లు ఒకవైపు. స్టూలు ముష్టి మనకెందుకు, బాత్రూమ్, భోజనం టైము, ఓవర్‌టైమ్, వేధింపుల కమిటీ అన్నీ ఒక్కసారే రాయించుకుందాం అనేవాళ్లు ఇంకోవైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కౌంటర్ వెనక ఏళ్లు గడిపాను, రెండు జట్ల మాటలూ విన్నాను. నేను చెప్పేది ఒకటే: ఎవరిని అడుగుతున్నామో చూసి గొంతు మార్చాలి. ఓనరు మనల్ని పనిలోంచి తీసేయగలడు. సర్కారు తీసేయలేదు.

అందుకే ఓనరు దగ్గర చిన్నదే అడగండి. "సార్, కస్టమర్ లేనప్పుడు కూర్చుంటాం, రాగానే లేస్తాం. కౌంటర్‌కు రెండు స్టూళ్లు చాలు." ఇంతే. ఆషాఢం ఆఫర్లకు రెండు మూడు వారాల ముందు అడిగితే మంచిది. అప్పుడు ఆయనకు చేయి తిరిగిన సేల్స్‌గర్ల్స్ కావాలి, కొత్తవాళ్లకు నేర్పే టైము ఉండదు. సేల్ మొదలయ్యాక అడిగితే బెదిరించినట్టు ఉంటుంది, మనసులో పెట్టుకుంటారు.

కాగితం మీద సంతకాలు వరుసగా వద్దు. మధ్యలో విషయం రాసి, చుట్టూ గుండ్రంగా పెట్టించండి. అప్పుడు ఎవరు మొదట పెట్టారో ఎవరికీ తెలియదు. ఫ్లోర్ మేనేజర్ మొదటి పేరు కోసమే వెతుకుతాడు, ఆ అమ్మాయికే ముందు ట్రాన్స్‌ఫర్ వస్తుంది. కాగితం ఇచ్చేటప్పుడు కూడా ఒక్కరే వెళ్లకూడదు. సీనియర్ అక్కలు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లాలి.

మెత్తగా అడగాలా, గట్టిగా అడగాలా అనే ఈ గొడవ మన దగ్గర పాతదే. నిజాం కాలంలో మాడపాటి హనుమంతరావు గారి తరం గ్రంథాలయాలు, బడులు పెట్టింది, వెట్టిచాకిరీ మీద రాసింది, విన్నపాలు పంపింది. అది చాలదన్నవాళ్లు కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారి వెంట నడిచారు. 1944లో భువనగిరి సభలో, వీళ్లందరి సంఘమైన ఆంధ్రమహాసభ రెండుగా చీలింది. ఆ కథలో నాకు బాగా నచ్చేది సభ్యత్వ రుసుము సంగతి. ఆ రోజుల్లోనే దాన్ని రూపాయి నుంచి నాలుగణాలకు దించారు. చేరడానికి ఖర్చు తగ్గితే భయపడేవాళ్లూ చేరతారు. గుండ్రంగా సంతకాలు పెట్టించడమూ అందుకే.

ఇక సర్కారు. ఇక్కడ మొహమాటం అక్కర్లేదు, మొత్తం లిస్టు రాయండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర కార్మిక శాఖ వాళ్ల అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఇవ్వండి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోకుండా కదలకండి. ఎనిమిది గంటల పని, వారానికో సెలవు, మధ్యలో విశ్రాంతి 1988 నాటి దుకాణాల చట్టంలో ఉన్నవే, వాటిని కొత్త కోరికలుగా రాయొద్దు, అమలు చేయమని రాయండి. కుర్చీని మాత్రం ఈ చట్టంలో కొత్తగా చేర్చమని అడగాలి. నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. మరి షోరూములో నిలబడే కాళ్లు వేరా అని అడగండి.

కేరళ సంగతి కూడా జత చేయండి. కోజికోడ్ మిఠాయి వీధి దుకాణాల ఆడవాళ్లు మొదట అడిగింది బాత్రూమ్, ఆ తర్వాతే కుర్చీ. త్రిశూరులో ఒక పెద్ద బట్టల షోరూము ముందు 2014 చివర్లో మొదలైన సమ్మె నెలల తరబడి సాగింది. 2018లో ఆ రాష్ట్రం కూర్చునే హక్కు ఇస్తూ దుకాణాల చట్టం మార్చింది, 2021లో తమిళనాడు మార్చింది. బాత్రూమ్‌తో మొదలైంది కాబట్టి మెల్లగా వెళ్లినవాళ్లే గెలిచారని మొదటి జట్టు అంటుంది. నెలల సమ్మెను మెల్లగా వెళ్లడం అంటారా?

(పత్తర్‌గట్టి వైపు పాత బట్టల కొట్లలో సేల్స్‌మన్ తెల్ల పరుపు మీద దర్జాగా కూర్చునే చీర పరుస్తాడు. గ్లాసు కౌంటర్లు, ఏసీలు వచ్చాకే కూర్చోవడం తప్పయింది.)

ధర్నా చేయాలనుకుంటే ఇందిరాపార్క్ ధర్నాచౌక్ కార్మిక భవన్‌కు దగ్గరే, పోలీసుల పర్మిషన్ ముందే తీసుకోవాలి. మన వీక్లీ ఆఫ్‌లు అందరికీ ఒకే రోజు రావు. కాబట్టి ముందు వరుసలో పని మానేసినవాళ్లు, ఇంట్లోవాళ్లు, కాలేజీ పిల్లలు ఉండాలి. ఫొటోల్లో ఉద్యోగంలో ఉన్నవాళ్ల ముఖాలు రానివ్వొద్దు. సమాచార హక్కు దరఖాస్తు కూడా పనిలో లేని బంధువు పేరుతోనే వేయించండి: మన ఏరియా షోరూముల్లో ఎన్ని తనిఖీలు చేశారు, ఎన్ని కేసులు పెట్టారు. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఈలోగా ఓనరు రెండు స్టూళ్లు ఇస్తే తీసుకోండి. గట్టి జట్టువాళ్లు అమ్ముడుపోయారంటారు, అననివ్వండి. స్టూళ్లు వచ్చిన తేదీ రాసుకోండి, ఫొటో తీసుకోండి, సేల్స్ తగ్గలేదని నెల చివర టార్గెట్ లెక్కలతో చూపించండి. షాపు పేరు కొట్టేసి ఆ కాగితాన్ని కార్మిక భవన్‌లో ఇచ్చే రెండో అర్జీకి జత చేయండి.