నేల మీద నిలబెట్టే స్పీకర్లకు కేబుల్ మార్చాక వచ్చే తిప్పలు

బుక్‌షెల్ఫ్ స్పీకరైతే ఎత్తి బల్ల మీద బోర్లా పెట్టుకుని తీరిగ్గా కేబుల్ బిగించుకోవచ్చు. ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకరుతో అలా కుదరదు. పాతిక కిలోల బరువు, అడుగున మొనదేలిన స్పైకులు, వెనకేమో గోడ. కేబుల్ తగిలించే టెర్మినళ్లు చాలా వాటికి నేలకు జానెడు ఎత్తులోనే ఉంటాయి. మోకాళ్ల మీద వంగి, చెంప గోడకు ఆనించి, వేళ్లతో తడుముకుంటూ బిగించాలి. కింద చెప్పే తప్పుల్లో చాలావాటికి మూలం ఆ కూర్చునే తీరే.

చేయి వెనక్కి దూరదు, జరిపితే నేల గీసుకుపోతుంది

స్పైకుల మీద ఉన్న స్పీకరును ఎప్పుడూ ఈడ్వకండి. ఇంకొకరి సాయంతో కాస్త వాల్చి, అడుగున మడతపెట్టిన దుప్పటి దూర్చి, దుప్పటిని లాగండి. అసలు చిట్కా వేరే ఉంది: గోడ వెనక చేసే పనిని వీలైనంత తగ్గించుకోవడం. కేబుల్ కొనలు ఒలవడం, బనానా ప్లగ్గులు (తీగ కొనకు తొడిగి టెర్మినల్‌లో గుచ్చే లోహపు పిన్నులు) బిగించడం, ప్లస్ వైపు ఎర్ర టేపు చుట్టడం అంతా బల్ల దగ్గర వెలుతురులో కానివ్వండి. అప్పుడు వెనక మిగిలేది ప్లగ్గు గుచ్చడమే. ఏది ఎరుపో కనబడకపోతే ఫోన్ కెమెరా వెనక్కి చాచి ఒక ఫొటో తీయండి. స్పీకరు వెనక అర మీటరు కేబుల్ వదులుగా ఉంచితే, మళ్లీసారి ఏదీ ఊడదీయకుండానే స్పీకరును మీ వైపు తిప్పుకోవచ్చు.

యాంప్లిఫైయర్ ఆన్ చేయగానే టక్కుమని ఆగిపోతుంది

రెండు తీగలూ ఎక్కడో తాకి షార్ట్ అయింది, యాంప్లిఫైయర్ తనను తాను కాపాడుకునే ప్రొటెక్షన్ పనిచేసింది. ఒక్క రాగి పోగు పక్క టెర్మినల్‌ని తాకినా చాలు. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడొద్దు. యాంప్లిఫైయర్ కరెంటు ప్లగ్గు గోడలోంచి పీకి, కేబుల్ రెండు చివరలూ విప్పి, మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి రెండు తీగల మధ్య కొలవండి. ఏ రీడింగూ రాకూడదు. తర్వాత స్పీకరు చివర మాత్రమే బిగించి కొలవండి. 8 ఓమ్‌ల స్పీకరైతే సాధారణంగా 6 దగ్గర చూపిస్తుంది. సున్నాకు దగ్గరగా ఉంటే తప్పు స్పీకరు వెనకే ఉంది.

తీగను 10 నుంచి 12 మిల్లీమీటర్లకు మించి ఒలవకండి, పోగులన్నీ గట్టిగా మెలిపెట్టండి. పోగులు చెదరకుండా కొందరు కొనకు సీసం (సోల్డర్) పోస్తారు. స్క్రూ కింద బిగించే తీగకు అది మంచిది కాదు. ఒత్తిడికి సీసం మెల్లగా నలిగి, కొన్నాళ్లకు బిగింపు వదులవుతుంది.

పాట వస్తోంది, కానీ బేస్ పీలగా ఉంది, పాడేవారి గొంతు రెండు స్పీకర్ల మధ్యలో నిలవట్లేదు

ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒక స్పీకరు కోన్ (కదిలి ధ్వని పుట్టించే గరాటు లాంటి భాగం) ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతుంది, తక్కువ స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒక స్పీకరు వైపు మాత్రమే తీగలు మార్చి వినండి, బేస్ వెంటనే తిరిగొస్తుంది. రెండు తీగలూ ఒకేలా ఉండి ఏది ఏదో తెలియకపోతే, యాంప్లిఫైయర్ వైపు విప్పేసి, ఆ కొనలకు 1.5 వోల్టుల బ్యాటరీని క్షణంపాటు తాకించండి. వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) ముందుకు కదిలితే బ్యాటరీ ప్లస్‌కు తాకిన తీగే స్పీకరు ఎర్ర టెర్మినల్‌ది. మళ్లీ గోడ వెనక్కి దూరక్కర్లేదు కాబట్టి నాకు ఈ పరీక్షంటే ఇష్టం.

ట్వీటర్ (సన్నటి స్వరాలు పలికే చిన్న భాగం) మూగబోయింది

నాలుగు టెర్మినళ్లున్న స్పీకరు అయితే పై జతను, కింది జతను కలిపే రేకులు ఊడదీసి మళ్లీ పెట్టలేదన్నమాట. పెట్టండి, అంతే.

బనానా ప్లగ్గు దూరట్లేదు

టెర్మినల్ నడుమ ప్లాస్టిక్ బిరడా ఉందేమో చూడండి. 4 మిల్లీమీటర్ల బనానా ప్లగ్గు యూరప్ కరెంటు సాకెట్లలో కూడా దూరిపోగలదు కాబట్టి, అక్కడ అమ్మే స్పీకర్లకు ఆ రంధ్రాలు మూసి పంపుతారు. సన్నటి మొనతో పైకి లేపితే వచ్చేస్తుంది.

కొత్త కేబుల్ వేసినా ఏ తేడా తెలియట్లేదు

ఇది లోపం కాదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 5 మీటర్లు వేస్తే, రాకపోకలు కలిపి నిరోధం దాదాపు 0.07 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకరు ముందు అదెంత? పైగా వంగి, విప్పి, బిగించి వచ్చేసరికి పావుగంట గడుస్తుంది, ఇందాకటి ధ్వని చెవికి గుర్తుండదు.

కేబుల్ కదిలిస్తే కరకరమంటుంది

రాగి పచ్చబడి ఉంటే ఆ ముక్క కత్తిరించి కొత్తగా ఒలవండి. మీరు బిగిస్తుంటే టెర్మినల్ మొత్తం గుండ్రంగా తిరుగుతోందా? అక్కడే ఆపండి. లోపలి నట్టు వదులైంది. ఇంకా తిప్పితే లోపలి వైరు మెలికపడి తెగుతుంది. ఈ ఒక్కసారికి స్పీకరును ముందుకు తెచ్చుకోక తప్పదు. టెర్మినళ్ల పలక స్క్రూలు విప్పి, లోపలి నట్టును స్పానర్‌తో బిగించి మూసేయండి.