వాదనను తూచడం – 4వ పాఠం: రుజువు ఎక్కడిదాకా వచ్చింది?

పోయిన పాఠంలోని ప్రశ్న చాలామందిని తిప్పలు పెట్టింది. 'మలేరియా దోమకాటుతో వస్తుందని 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రుజువైంది' అన్న వాక్యాన్ని పరీక్షించమన్నాను. ఎక్కువమంది 'నిజమే, ఆ పరిశోధన చేసిన వైద్యుడు రొనాల్డ్ రాస్‌కు 1902లో నోబెల్ కూడా వచ్చింది కదా' అని రాశారు. అందుకే ఈసారి అనుకున్న గణాంకాల పాఠం పక్కన పెట్టి, దీన్నే మళ్లీ పట్టుకుందాం.

వాదం ఏది, ఆధారం ఏది అని విడదీయడం మీకు వచ్చేసింది, దాని జోలికి పోను. నోబెల్ సంగతి ఒక్క మాటలో చెప్తాను: రాస్ కృషిని పెద్దలు మెచ్చారని దానివల్ల తెలుస్తుంది, ఆ రోజు మైక్రోస్కోపులో ఏం కనబడిందో తెలియదు.

ఏం కనబడింది? మలేరియాతో ఉన్న హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమను రాస్ కోశారు. దాని పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు ఉన్నాయి. మలేరియా పరాన్నజీవిలో ఉండే రేణువులూ అలాంటివే. మర్నాడు ఇంకో దోమను కోస్తే ఆ కణాలు మరింత పెద్దగా ఉన్నాయి. అంటే రోగి నుంచి దోమలోకి పోయినది అక్కడ పెరుగుతోంది. అంతవరకే. తిరిగి మనిషిలోకి ఎలా వస్తుందో ఆ రెండు రోజుల్లో తేలలేదు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే: ఆధారం నిజమైతే చాలు, వాదమూ నిజమే అనేసుకుంటారు. రాస్‌కు దారి చూపించిన వైద్యుడు ప్యాట్రిక్ మాన్సన్ ఏమనుకునేవారో చూడండి. దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుంది అని! సికింద్రాబాద్‌లో కనబడిన కణాలు ఆ వాదానికీ సరిపోతాయి, దోమకాటు వాదానికీ సరిపోతాయి. రెండింటికీ సరిపోయే ఆధారం దేన్నీ గెలిపించదు. ఎవరేం చెప్పినా నేను ముందు వేసుకునే ప్రశ్న ఇదొక్కటే: ఇదే ఆధారంతో వేరే మాట చెప్పొచ్చా? 'కషాయం తాగాక జ్వరం తగ్గింది.' తాగకపోయినా తగ్గేదేమో. 'ఆ కోచింగ్‌లో చేరాక ర్యాంకు వచ్చింది.' బాగా చదివే పిల్లల్నే చేర్చుకుంటారేమో. 'చిత్తడి నేలల దగ్గరే మలేరియా ఎక్కువ, కాబట్టి చెడుగాలే కారణం.' శతాబ్దాలపాటు నమ్మిన మాట ఇది. అక్కడ గాలితోపాటు దోమలూ ఉన్నాయి మరి.

1898లో కలకత్తాలో రాస్ పక్షుల మలేరియాను పట్టుకున్నారు. జబ్బు పక్షుల రక్తం తాగిన దోమల్లో కణాలు కనబడ్డాయి, ఆరోగ్యంగా ఉన్నవాటి రక్తం తాగిన దోమల్లో లేవు. పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతోందనీ తేలింది. ఆ దోమలు కుట్టిన మంచి పిచ్చుకలకు జబ్బు వచ్చింది. ఇలా పోల్చి చూసిన ఆధారానికే బలం. అయినా అది పిచ్చుకల సంగతి.

అభ్యాసం: 1900లో, మలేరియా సోకిన దోమలను రోమ్ నుంచి లండన్‌కు తెప్పించి, మాన్సన్ కొడుకు కుట్టించుకుని జ్వరపడ్డాడు. అదే ఏడాది రోమ్ దగ్గరి మలేరియా ప్రాంతంలో ఇద్దరు వైద్యులు సాయంత్రం నుంచి ఉదయం దాకా దోమలు దూరని గుడిసెలో ఉండి, జబ్బు పడకుండా బయటపడ్డారు. ఒక్కో ఆధారం ఏ వాదాన్ని కొట్టేస్తుంది, దేన్ని కొట్టేయలేదు? దోమలు రోమ్‌లోనే దొరుకుతుంటే, లండన్ దాకా తెచ్చి ఎందుకు కుట్టించుకున్నాడో తప్పకుండా రాయండి.